కప్ప కాలు కదిలింది: లూయీజీ గాల్వానీ కథ

ఫిజిక్స్ ల్యాబ్‌లో గాల్వనోమీటర్ ముల్లు సున్నా దగ్గరికి వచ్చేదాకా తీగ మీద జాకీ జరుపుకుంట మనమంతా కుస్తీ పట్టినోళ్ళమే. ఇనుప రేకుకు తుప్పు పట్టకుండా జింకు పూత వేస్తే దాన్ని గాల్వనైజింగ్ అంటాం. ఇన్ని దిక్కుల పేరు వినబడ్డా, ఇంతకీ ఆ గాల్వానీ ఎవరంటే చాలామందిమి తడుముకుంటాం. ఆయన ఇంజనీరు కాదు, ఫిజిక్స్ సారు కూడా కాదు. ఒక డాక్టరు. శరీర నిర్మాణ శాస్త్రం, కాన్పుల వైద్యం చెప్పిన పంతులు.

లూయీజీ గాల్వానీ 1737 సెప్టెంబర్ 9న ఇటలీలోని బొలోన్యా నగరంలో పుట్టాడు. చిన్నప్పుడు మతగురువు కావాలనుకున్నాడు. ఇంట్లోవాళ్ళు చదువు దిక్కు మళ్ళించారు. 1759లో బొలోన్యా విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకుని అక్కడే బోధనలో స్థిరపడ్డాడు. మొదట్లో ఆయన పరిశోధన అంతా పక్షుల మూత్రపిండాల మీద, చెవుల మీద. 1762లో తన గురువు గలియాజీ కూతురు లూచియాను పెళ్లి చేసుకున్నాడు. ఆమె చదువుకున్న మనిషి. భర్త ప్రయోగాల్లో పక్కన నిలబడి సాయం చేసేది. వాళ్లకు పిల్లలు లేరు.

ఆ రోజుల్లో కరెంటు అంటే ఇప్పటిలెక్క తీగలో పారేది కాదు. గాజును తిప్పి రాపిడితో నిప్పురవ్వలు పుట్టించే యంత్రం, ఆ విద్యుత్తును దాచిపెట్టే లైడెన్ జాడీ, గంతే. 1780 ప్రాంతంలో గాల్వానీ బల్ల మీద ఒక పక్క ఆ యంత్రం, ఇంకో పక్క కోసిపెట్టిన కప్ప కాళ్ళు ఉన్నాయి. సహాయకుడు ఒకరు కత్తి మొనతో కప్ప తొడ నరాన్ని ముట్టుకున్నాడు. సరిగ్గా అదే సమయానికి యంత్రంలో రవ్వ ఎగిరింది. చచ్చిన కప్ప కాలు గట్టిగా తన్నుకుంది. యంత్రానికీ కాలుకూ మధ్య తీగ లేదు. ఇంకొకరైతే ఏదో అయిందిలే అని ఊరుకునేవారేమో. ఈయన మాత్రం పదేళ్ళు దాని వెంటే పడ్డాడు.

ఉరుములు మెరుపులు వచ్చే రోజు చూసి, ఇంటి పైకి తీగ కట్టి దాన్ని కప్ప నరానికి కలిపాడు. ఇంకో తీగను కండరం నుంచి బావి నీళ్ళలోకి వదిలాడు. మెరుపు మెరిసినప్పుడల్లా కాలు కొట్టుకుంది. 1786లో కప్ప కాళ్ళను ఇత్తడి కొక్కేలకు గుచ్చి ఇనుప కంచెకు వేలాడదీశాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా కొక్కేన్ని కంచెకు అదిమితే కాలు కదిలింది! యంత్రమూ లేదు, మెరుపూ లేదు. మరి విద్యుత్తు ఎక్కడిది? జంతువు లోపలే ఉందని ఆయన తేల్చాడు. కండరం ఒక లైడెన్ జాడీ లాంటిదనీ, నరం ద్వారా అది ఖాళీ అయినప్పుడు కండరం ముడుచుకుంటుందనీ ఆయన సిద్ధాంతం.

1790లో లూచియా చనిపోయింది. ఏళ్ళ తరబడి ఇద్దరూ కలిసి చేసిన పని మరుసటి ఏడాది, 1791లో, లాటిన్ భాషలో అచ్చయింది. ఆమె చూడలేదు.

ఆ రచన యూరప్ అంతా సంచలనమైంది. పావియాలో ఉన్న అలెస్సాండ్రో వోల్టా మొదట మెచ్చుకున్నాడు. తర్వాత అనుమానం వచ్చింది. ఇత్తడి, ఇనుము అనే రెండు వేరు లోహాలు తగలడం వల్లనే విద్యుత్తు పుడుతోంది, కప్ప కాలు దాన్ని పసిగట్టే పరికరం మాత్రమే అన్నాడు. గాల్వానీ వాదులాటకు దిగే మనిషి కాదు. జవాబు ప్రయోగంతోనే ఇచ్చాడు. 1794లో పేరు వేసుకోకుండా వచ్చిన పుస్తకంలో లోహమే లేకుండా నరాన్ని కండరానికి తగిలించి కాలు కదిలించిన సంగతి ఉంది. 1797లో ఒక కప్ప నరాన్ని ఇంకో కప్ప నరానికి ఆనించి కూడా కదలిక చూపించాడు.

అంతలో రాజకీయం తలుపు కొట్టింది. నెపోలియన్ సేనలు ఉత్తర ఇటలీని గెలిచి కొత్త రిపబ్లిక్ పెట్టాయి. కొలువులో ఉన్నవాళ్ళంతా దానికి విధేయులమని ప్రమాణం చేయాలన్నారు. గాల్వానీ దైవభక్తి గల మనిషి, తన విశ్వాసానికి అది విరుద్ధమనుకున్నాడు. ఒక్క సంతకంతో పోయేదానికి 1798లో ఉద్యోగం వదులుకున్నాడు. జీతం ఆగింది. భార్య లేదు. తమ్మునిదో అన్నదో, తోబుట్టువు ఇంట్లో తలదాచుకున్నాడు. స్నేహితుల ప్రయత్నంతో ప్రమాణం లేకుండానే కొలువు తిరిగి ఇవ్వాలని నిర్ణయమైంది గానీ, అది అందక ముందే 1798 డిసెంబర్ 4న కన్నుమూశాడు.

మరి ఎవరు గెలిచారు? వోల్టా తన వాదం నిరూపించడానికి రెండు లోహాల బిళ్ళలు పేర్చి, 1800లో బ్యాటరీని లోకానికి చూపించాడు. మన కరెంటు చదువంతా అక్కడి నుంచే మొదలు. కంచె దగ్గర జరిగింది వోల్టా చెప్పిందే. కానీ శరీరంలో విద్యుత్తు ఉందన్న గాల్వానీ మాట కూడా నిజమే. సోడియం, పొటాషియం అయాన్ల తేడా వల్ల నరకణం పొర మీద సుమారు 70 మిల్లీవోల్టులు ఉంటాయని తర్వాతి తరాలు కొలిచి చూపాయి. 19వ శతాబ్దం నడుమ ఫ్రెంచి డాక్టరు డ్యుషెన్ కోయకుండానే, చర్మం మీద ఎలక్ట్రోడ్లు పెట్టి ఒక్కో కండరాన్ని కదిలించాడు. ఇవాళ ఫిజియోథెరపీ గదిలో కనిపించే స్టిమ్యులేటర్ మూలాలు అక్కడ ఉన్నాయి.

ఇదంతా మనకెందుకంటే, సిరిసిల్లలో సాంచెల ముందు, గోదావరిఖని, మంచిర్యాల దిక్కు షిఫ్టుల్లో, గంటల కొద్దీ నిలబడే కాళ్ళు మన ఇళ్ళల్లోనే ఉన్నాయి. పిక్కల మీద నరాలు ఉబ్బినయ్ అంటాం. మన మాటలో రెండిటికీ నరమే గానీ, ఉబ్బేది గాల్వానీ చూసిన నరం కాదు, రక్తం మోసే సిర. కదలకుండా నిలబడితే చీలమండ దగ్గర సిరలో పీడనం సుమారు 90 మిల్లీమీటర్ల పాదరసం. నడిస్తే పిక్క కండరం పంపులా సిరను నొక్కి రక్తాన్ని పైకి నెడుతుంది, పీడనం 30 దాకా పడిపోతుంది. సిరల్లోని కవాటాలు రక్తాన్ని కిందికి జారనీయవు. అవి పాడైతే రక్తం నిలిచి వాపు, నలుపు, మానని పుండు దాకా పోతుంది.

నడవలేనివాళ్ళకు ఆ పంపును కరెంటుతో ఆడించడమే విద్యుత్ ప్రేరణ. చిన్న పల్స్ నరాన్ని తడితే పిక్క ముడుచుకుంటుంది, రక్తం కదులుతుంది. అయితే ఇది తోడు వైద్యమే. పాడైన కవాటాన్ని బాగుచేయదు. బిగుతు మేజోళ్ళు, నడక, అవసరమైతే సిరకు చేసే చికిత్స, ఇవే ముందు. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు, కాలి సిరలో రక్తం గడ్డకట్టినవాళ్ళు డాక్టరును అడగకుండా దీని జోలికి పోవద్దు.

ఫైనలియర్ ప్రాజెక్టు వెతుక్కుంటున్న మిత్రులారా, టైమర్ సర్క్యూట్లు, పల్స్ వెడల్పులు మనకు వచ్చినవే. మనిషి ఒంటికి తగిలించే ముందు మాత్రం ఫిజియోథెరపిస్టు దగ్గర కూర్చోండి. ఈలోగా ఇంట్లో నిలబడి పనిచేసేవాళ్ళకు మడమలు ఎత్తి దించుతూ ఉండమని చెప్పండి. ఆ పంపుకు బయటి కరెంటు అక్కర్లేదు.