యల్లాప్రగడ సుబ్బారావు

శ్రీకాకుళం జిల్లాలో పలాస మొదలు ఇచ్ఛాపురము వరకు సముద్రతీరమున వ్యాపించిన కొబ్బరి, జీడిమామిడి తోటల సీమకు ఉద్దానమని పేరు. కన్నుల పండువైన ఈ సీమలో అనేక కుటుంబములను మూత్రపిండముల వ్యాధి పీడించుచున్నది. దాని మూలకారణము నేటికిని పూర్తిగా తేలలేదు. పలాసలో 2023వ సంవత్సరమున ఈ వ్యాధికై పరిశోధనా కేంద్రము, 200 పడకల వైద్యశాల నెలకొల్పబడెను. మూత్రపిండములు చెడినపుడు రక్తమున భాస్వరము పెరుగును. దానిని కొలుచుటకు సులభమైన పద్ధతిని 1925లో లోకమునకు అందించిన ఇద్దరిలో ఒకరు తెలుగువారు. ఆయనయే యల్లాప్రగడ సుబ్బారావుగారు.

ఆయన 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. పేద కుటుంబము. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పి మూడవమారు కృతార్థులైరి. పరీక్ష తప్పి ముఖము చాటువేయు విద్యార్థులు ఈ సంగతి తెలిసికొనుట మంచిది. మదరాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహమునకు గురియైరి. తత్ఫలితముగా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతోనే తృప్తిపడవలసి వచ్చెను. ఆయన సోదరులిద్దరు కొద్దిదినముల తేడాతో సంగ్రహణివంటి స్ప్రూ వ్యాధిచే మరణించిరి. ఆ దుఃఖము ఆయనను జీవితాంతము విడువలేదు.

మామగారి ధనసహాయముతో అమెరికాలోని బోస్టన్ నగరము చేరిరి. రాత్రులు ఆసుపత్రిలో సేవకునిగా పనిచేయుచు హార్వర్డులో చదివిరి. పిమ్మట సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి, కండరములకు శక్తి ఎచ్చటినుండి వచ్చుచున్నదో శోధించిరి. ఇది ఒంటరి ప్రయాణము కాదు, గట్టి పోటీ. 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను వీరు కనుగొన్నపుడే ఇంగ్లండులో ఎగిల్టన్ దంపతులును దాని జాడ పట్టిరి. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటు విషయమున జర్మనీలోని లోమన్ వ్యాసము కొద్దినెలలు ముందుగా అచ్చయ్యెను. అయినను వీరి కృషి విలువ తగ్గలేదని నా అభిప్రాయము.

దీపమునకు తైలమెట్టిదో జీవకణమునకు ఆ పదార్థమట్టిది. దాతనుండి తీసిన మూత్రపిండమునకు రక్తప్రసారము ఆగినంతనే అది క్షీణింపసాగును. చల్లదనమున కణముల పని మందగించి తైలవ్యయము తగ్గును. కనుకనే ఆ అవయవమును మంచుచల్లని ద్రావణములో సుమారొక దినము నిలుపగలుగుచున్నారు. గుండెయైనచో నాలుగైదు గంటలే. ఇంకను ఎక్కువకాలము నిలుపు ఉపాయమునకై నేడు పలుదేశముల బృందములు పోటీపడుచున్నవి. మూత్రపిండమును మార్చు శస్త్రచికిత్స మొదటిసారి ఫలించినది 1954లో, ఆ బోస్టన్ నగరముననే.

హార్వర్డు ఆయనకు స్థిరమైన ఆచార్యపదవి నీయలేదు. 1940లో లెడర్లే సంస్థ పరిశోధనశాలకు మారి, పెద్ద బృందమునకు నాయకులైరి. 1945లో ఆ బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసెను. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి అది ఔషధమయ్యెను. 1948 ఆగస్టులో, తమ 53వ యేట, సుబ్బారావుగారు న్యూయార్కున నిద్రలో కన్నుమూసిరి. స్వదేశమున విడిచివచ్చిన భార్య శేషగిరిగారిని ఆయన మరల చూడలేదు.