తీరిక లేని జీవితములో తరుగని భక్తి: బిషప్ అజరయ్య గారు

ఈ నూరేండ్ల పండుగ సంచికలో అజరయ్య అయ్యగారిని గూర్చి ఎవరో ఒకరు వ్రాయక తప్పదు. ఆయన ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్ అనియు, దోర్నకల్ దేవాలయము ఆయన కట్టించినదే అనియు మన సండేస్కూలు పిల్లలకు కూడ తెలుసు. కాబట్టి ఆయన పదవులను గూర్చి గాని, కట్టడములను గూర్చి గాని నేను ఎక్కువగా చెప్పబోవుట లేదు. చాలాకాలముగా నన్ను ఆలోచింపజేయుచున్న సంగతి వేరు. ఇన్ని పనులు నెత్తిన వేసికొని, ఇన్ని కమిటీలలో కూర్చుండి, ఇన్ని వేల మైళ్ళు తిరిగిన మనిషి లోపల ఎండిపోకుండ ఏలాగు నిలిచారు? తనకంటె తీరిక లేని కూలి జనమును విశ్వాసములో ఏలాగు నిలిపారు? ఈ రెండవ ప్రశ్న మొదటిదానికంటె పెద్దదని నా అభిప్రాయము.

వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి జిల్లాలోని వెళ్ళాళన్‌విళై అను పల్లెలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం గారు ఆ పల్లె సంఘమునకు పాస్టరు. కుమారుని కొరకు ఆ దంపతులు ఏండ్ల తరబడి కనిపెట్టి ప్రార్థించిన తరువాత పుట్టిన బిడ్డ గనుక, హన్నా కుమారుని పేరు తలంచుకొని శామ్యూల్ అని పెట్టుకొన్నారు. పిల్లవాడు ఇంకను చదువుకొనుచుండగానే తండ్రి కన్నుమూశారు. తల్లి ఎల్లెన్ గారి భక్తి, క్రమశిక్షణ ఆయనను పెంచినవి. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివారు గాని, చివరి పరీక్షల వేళ జబ్బుపడి లెక్కల పరీక్ష వ్రాయలేకపోయారు. ఆలాగున డిగ్రీ లేకుండానే కాలేజీ విడిచారు. ఒక్క పరీక్ష పోయినందుకు బ్రతుకే పోయినదనుకొను మన యౌవనస్థులు గమనించవలసిన సంగతి ఒకటున్నది. 1920లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము ఈ డిగ్రీ లేని మనిషికే గౌరవ డాక్టరేటు ఇచ్చింది.

1895లో ఆయన వై.ఎం.సి.ఏ. పనిలో చేరారు. అప్పటికి వయస్సు ఇరువదియొకటి. దక్షిణ దేశమంతట రైలులో తిరుగుట, ఊరూర యువకులను కూడగట్టుట, బైబిలు తరగతులు జరుపుట, కూటములలో ప్రసంగించుట, ఉత్తరములు వ్రాయుట, లెక్కలు చూచుట, ఇదే బ్రతుకు. అమెరికా నుండి వచ్చిన షేర్వుడ్ ఎడ్డీ గారు ఆ రోజులలో ఆయనకు ప్రాణస్నేహితుడయ్యారు. వారిద్దరు కలిసి తిరిగినట్లే కలిసి మోకరించినవారు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారితో వివాహమైనది.

1902లో ఆయన యాళ్పాణము వెళ్ళారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ స్వంత డబ్బుతో, తమ స్వంత మనుష్యులను సువార్తకు పంపుచున్నారని చూచి, అంతకంటె పెద్దదైన తిరునెల్వేలి సంఘము ఊరకున్నదే అని సిగ్గుపడ్డారు. ఆ సిగ్గులోనుండి 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. 1905 క్రిస్మసు దినమున శ్రీరాంపూరులో నేషనల్ మిషనరీ సొసైటీ పుట్టింది. రెండింటి వెనుకను ఆయనే ఉన్నారు. ముప్పది యేండ్ల వయస్సునకే దేశమంతట పేరు.

ఇక్కడనే మనము కొంచెము ఆగి చూడవలెను. దేవుని పని ఎక్కువగా చేయువారికి వచ్చు శోధన ఇదే. ఇతరులను పిలుచుట, పంపుట, పురికొల్పుట అలవాటై, తాను వెళ్ళవలసిన చోటికి వెళ్ళుట మరచిపోవుదురు. వేదికలే వారి పొలమగును. అజరయ్య గారి మనస్సును ఈ సంగతి కలవరపెట్టింది. మీరు వెళ్ళుడని ఇతరులకు చెప్పుచు తాను వెళ్ళకపోవుట ఆయనకు సరిపడలేదు. 1909లో, ముప్పదియైదవ యేట, పెద్ద పదవులు విడిచి, గురువుగా అభిషేకము పొంది, తన సొసైటీ పని ప్రారంభించిన దోర్నకల్‌కు కుటుంబముతో వచ్చి చేరారు. అది నైజాం రాజ్యములో ఒక రైలు జంక్షను, చుట్టును అడవి, పేద పల్లెలు. మొదట డేరాలో కాపురము. భాష తెలుగు, ఆయనది తమిళము. ముప్పదియైదేండ్ల వయస్సులో బడిపిల్లవానివలె అక్షరములు దిద్దుకొన్నారు. ఆయన జీవితములో అతి గొప్ప తీర్మానము ఏదని నన్నడిగితే, బిషప్పు పదవి అంగీకరించుట కాదు, ఈ అక్షరములు దిద్దుకొనుటే అందును.

ఆ తరువాతి సంగతులు అందరు ఎరిగినవే. 1910లో ఎడింబరో మిషనరీ మహాసభలో నిలువబడి, మిషనరీలు భారతీయులకు ధనమును, ప్రయాసమును ఇచ్చారు గాని సమానులుగా స్నేహమును ఇవ్వలేదని ధైర్యముగా చెప్పారు. సభలో కలవరము పుట్టింది. అయినను మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ గారు పట్టువిడువక ప్రయత్నించగా, కొందరు మిషనరీలు ఎదిరించినను, 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రలులో ఆయన దోర్నకల్ బిషప్పుగా ప్రతిష్ఠింపబడ్డారు. చిన్న డయోసీసు 1920 తరువాత కృష్ణా ప్రాంతమును, రాయలసీమ ప్రాంతములను కలుపుకొని చాలా పెద్దదైనది. 1919లో తరంగంబాడిలో మొదలైన సంఘ ఐక్యత సంభాషణలు, 1927లో లోసాన్ మహాసభ, 1929 నుండి జాతీయ క్రైస్తవ సభ అధ్యక్షత, 1937లో మరల ఎడింబరో, 1938లో తాంబరం అంతర్జాతీయ సభ, వీటన్నిటిలోను ఆయన ముందు వరుసలో ఉన్నారు. ఓడలలో వారములు, రైళ్ళలో దినములు గడిచేవి.

అయితే సభ ముగియగానే ఆయన పల్లెకు తిరిగి వచ్చేవారు. ఎద్దుబండి మీద, కాలినడకను, దుమ్ము త్రోవలలో తిరిగి చిన్న చిన్న గూడెములలో దిగి, బాప్తిస్మమునకు సిద్ధపడుచున్నవారిని ప్రశ్నలడిగి, పిల్లలచేత ఒప్పజెప్పించుకొని, రాత్రి దీపము క్రింద ఉపదేశకులకు వాక్యము బోధించేవారు. తెల్లవారుజాముననే లేచి ప్రార్థనతోను, బైబిలుతోను దినము మొదలుపెట్టుట ఆయన అలవాటు. ఆ అలవాటు సంగతి మన పాస్టర్లు తరచు ప్రసంగములలో చెప్పుదురు. నేనును చెప్పితిని. కాని చెప్పిన మరునాడే ఉదయము మీటింగు కాగితములు ముందు వేసికొని కూర్చున్న దినములు నాకున్నవి. అయ్యగారి క్రమము ఏమనగా, ఆ ఉదయకాలమందు చదివిన వాక్యమునే సాయంత్రము పల్లెలో పంచిపెట్టుట. తనకొక భక్తి, జనులకొక పని అని వేరు చేయలేదు. ఉపదేశకుల కొరకు ఆయన వ్రాసిన చిన్న పుస్తకములు, బాప్తిస్మమును గూర్చి, వివాహమును గూర్చి, క్రైస్తవ దాతృత్వమును గూర్చి వ్రాసినవి, ఆలాగున పుట్టినవే. అందుకే వాటిలో పాండిత్యపు ఆడంబరము కనబడదు.

ఇప్పుడు ఆ రెండవ ప్రశ్నకు వచ్చుచున్నాను. ఆయన సంఘస్థులలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబముల వారు. ప్రొద్దు పొడవక ముందే దొరల పొలములకు పోయి, ప్రొద్దుగూకిన తరువాత వచ్చువారు. వెట్టిచాకిరి చేయువారు, అప్పు క్రింద ఏండ్ల తరబడి జీతమున్నవారు. చదువు రాదు. ఇంట గడియారము లేదు. వారితో ఉదయకాల ధ్యానమునకు ఒక గంట కేటాయించుడని చెప్పుట గాయము మీద కారము చల్లుటే. అయ్యగారు ఆ మాట చెప్పలేదు. వారి దినములో అప్పటికే ఉన్న వేళలను చూచి, వాటికే విశ్వాసమును కట్టివేశారు.

మొదటిది మునిమాపు వేళ. పొలము నుండి వచ్చి, కాళ్ళు కడుగుకొని, గంట వినబడగానే ప్రార్థనాలయములో చేరుట. అది చాలాచోట్ల తాటాకు కప్పిన మట్టి ఇల్లు, ఒకే లాంతరు. ఉపదేశకుడు ఒక బైబిలు కథ చెప్పును, ఒక కీర్తన ఎత్తును, ప్రభువు ప్రార్థనను, విశ్వాస ప్రమాణమును, పది ఆజ్ఞలను జనులచేత పలికించును. చదువు రానివారు చెవితో చదివారు. ఒళ్ళు అలసి గోడకు ఆనుకొని కునికినవారు ఉండి ఉందురు, వారిని నేను తప్పుపట్టను. కునుకుచునే వచ్చారు గదా! ఆయన అధ్యక్షుడుగా ఉన్న కాలముననే జాతీయ క్రైస్తవ సభ తరఫున పికెట్ గారు సామూహిక ఉద్యమములను పరిశీలించి 1933లో ఒక పుస్తకము వెలువరించారు. క్రమము తప్పని ఆరాధన ఉన్న పల్లెలలో విశ్వాసుల జీవితము నిజముగా మారుచున్నదని ఆ పరిశీలన గట్టిగా తేల్చింది.

రెండవది పొయ్యి వేళ. అమ్మలు వండుటకు బియ్యము కొలుచుకొనునప్పుడు అందులోనుండి ఒక పిడికెడు దేవుని కుండలో వేయవలెను. ఆదివారమున ఆ బియ్యము దేవాలయమునకు వచ్చును. రూపాయి ఎన్నడును చేతిలో ఆడని ఇంటివారు కూడ ఇయ్యగలిగిన కానుక అది. దీనిని కేవలము సంఘ నిధి కొరకు వేసిన ఎత్తుగా తలంచువారు కలరు. నిధి సంగతి నిజమే, బయటి డబ్బు మీద ఆనుకొనని సంఘము కావలెనని ఆయన పట్టుదల. కాని ఆ పిడికెడు బియ్యము తీయునప్పుడు ఆ తల్లి చేయి ఒక క్షణము ఆగును. వంటపని మధ్య ఆమెకు దొరికిన ప్రార్థన అదే. పంట చేతికి వచ్చినప్పుడు కోతల పండుగ. ధాన్యము, కోళ్ళు, గుమ్మడికాయలు మోసికొని పాటలతో వచ్చేవారు. ఆ పండుగ మన సంఘములలో ఈనాటికిని నిలిచియున్నది.

మూడవది నాకు మిక్కిలి ప్రియమైనది. బాప్తిస్మము పొందినవారిచేత వారి చేతులను వారి తలలమీదనే పెట్టించి, సువార్త ప్రకటింపకపోయినయెడల తమకు శ్రమ అని అపొస్తలుడు కొరింథీయులకు వ్రాసిన భావమును వారి నోట పలికించేవారు. బిషప్పు చేయి కాదు, వారి చేయియే. పశువులు కాయు బాలుడును, నాట్లు వేయు స్త్రీయు తమ పని విడువకుండానే సాక్షులైనారు. పొరుగున ఉన్న రైతు కులముల వారు ఈ మార్పును కండ్లార చూచి, 1920, 1930 దశాబ్దములలో వేల సంఖ్యలో సంఘములోనికి వచ్చారనుట చరిత్ర.

ఉపదేశకులను తయారుచేయుటలోను ఆయన ఇదే పాటించారు. దోర్నకల్‌లో వేదశాస్త్రము చదువు పురుషులు భార్యాపిల్లలతో వచ్చి ఉండేవారు, భార్యలకును తరగతులు జరిగేవి. పల్లెలో పరిచర్య ఒక్కని పని కాదు, కాపురము అంతటిది. స్త్రీల మధ్య మరియమ్మాళ్ గారి సేవను గూర్చి వేరుగా ఒక వ్యాసము ఎవరైన వ్రాయవలెను.

ఆయన లోపము లేని మనిషి అని నేను వ్రాయను. కఠినుడని పేరు. త్రాగుడు, పెండ్లి విషయములలో తప్పినవారిని సంఘ క్రమశిక్షణ క్రింద దూరము పెట్టుటలో వెనుకాడలేదు. అధికారము తన చేతిలోనే ఉంచుకొనెనని సొంత మనుష్యులే గొణిగారు. మాలలు, మాదిగలు ఒకే బల్ల యొద్దకు రావలెనని ఆయన ఎంత చెప్పినను ఆ గోడ పూర్తిగా పడలేదు. 1930లలో గాంధీగారితో మతమార్పిడిని గూర్చి వచ్చిన భేదాభిప్రాయము ఆయనను బాధపెట్టింది. అయినను పల్లె పేదలకు తమ విశ్వాసమును తామే ఎంచుకొను హక్కు ఉన్నదను సంగతిలో ఆయన వెనుకకు తగ్గలేదు.

దోర్నకల్ దేవాలయము ఏండ్ల తరబడి కట్టి 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడింది. గుమ్మటములు, స్తంభములు ఈ దేశపు కట్టడముల నుండి తీసికొన్నవే. ఆ కట్టడమును చూచుటకు వెళ్ళినవారు చుట్టుప్రక్కల పల్లెలకు కూడ వెళ్ళి, మునిమాపు గంట ఇంకను మ్రోగుచున్నదా అని విచారింపవలెనని నా మనవి. మా పాస్టరేటులో రెండు పల్లెలలో మ్రోగుచున్నది. మిగిలినచోట్ల ఆ వేళకు టెలివిజనులో ధారావాహిక వచ్చును, చేతిలో సెల్‌ఫోను ఉండును. సంఘ పెద్దలు నాతో తీరిక లేదందురు. వారు అబద్ధమాడుట లేదు, ఉద్యోగములు, ట్యూషన్లు, అప్పులు నిజమే. కాని వారి తాతలకు వారికంటె తక్కువ తీరిక ఉన్నదని నాకు తెలుసు, వారికిని తెలుసు. ఒక ఇంటిలో మాత్రము, కోడలు బ్యాంకు ఉద్యోగి అయినను, కుక్కరులో బియ్యము పోయుటకు ముందు ఒక డబ్బాలో పిడికెడు వేయుట చూచితిని. అత్తగారు నేర్పినదట.

డెబ్బది యేండ్లు నిండినను అయ్యగారు పర్యటనలు మానలేదు. 1944 డిసెంబరులో కూడ పల్లెల మధ్యనే ఉన్నారు. అక్కడినుండి జ్వరముతో ఇంటికి వచ్చి, కొద్ది దినములకే, 1945 జనవరి 1న దోర్నకల్‌లో ప్రభువునందు నిద్రించారు. ఆయన అంతగా ప్రయాసపడిన దక్షిణ ఇండియా సంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడినప్పుడు చూచుటకు ఆయన లేరు. తాను కట్టించిన దేవాలయము ప్రక్కనే, ముప్పదియైదేండ్ల క్రిందట డేరా వేసికొన్న ఆ ఊరిలోనే, ఆయనను సమాధి చేశారు.