పాఠం : కణం గుట్టు విప్పిన యల్లాప్రగడ సుబ్బారావు

పరిచయం

అభ్యాసకులారా! జగదల్‌పూర్‌లో ఆరోగ్య కేంద్రానికి వెళ్లినప్పుడు గర్భిణులకు ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఇవ్వడం మీరు చూసే ఉంటారు. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకత్వం వహించినది ఒక తెలుగువాడు. ఆయన మెట్రిక్ పరీక్ష రెండుసార్లు తప్పాడు. మధ్యలో చదువు ఆగి మళ్లీ పుస్తకం పట్టిన మీకు ఆయన జీవితం దగ్గరగా అనిపిస్తుంది.

బాల్యం, చదువు

యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించాడు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. ఇంట్లో పేదరికం, ఆప్తుల మరణాలు ఆయన చదువును వెనక్కి లాగాయి. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుండి మెట్రిక్ గట్టెక్కాడు. తరువాత మద్రాసు వైద్య కళాశాలలో చేరాడు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించాడు. అది శస్త్రచికిత్స ఆచార్యునికి నచ్చలేదు. చివరకు ఎం.బి.బి.ఎస్.కు బదులు అంతకంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది.

ఇంతలో ఆయన సోదరులు ఇద్దరు సంగ్రహణి వంటి స్ప్రూ వ్యాధితో కొద్ది రోజుల తేడాలో మరణించారు. ఆ వ్యాధికి అప్పుడు సరైన మందు లేదు. వ్యాధులకు మందులు కనుగొనాలనే పట్టుదల ఆయనలో బలపడింది. మామగారి సహాయంతో, భార్య శేషగిరిని ఇక్కడే వదిలి, 1922లో అమెరికాలోని బోస్టన్ నగరం చేరాడు. ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న పనులు చేస్తూ హార్వర్డ్‌లో చదువుకున్నాడు.

కణంలో శక్తి ఎక్కడిది?

మన శరీరం కోట్లాది కణాలతో నిర్మితమైంది. ప్రతి కణానికీ పని చేయడానికి శక్తి కావాలి. సుబ్బారావు, తన ఆచార్యుడు సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించాడు. ఆ పద్ధతి ప్రపంచంలోని ప్రయోగశాలలన్నింటికీ పాకింది. తరువాత వారిద్దరూ కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏ.టి.పి.ని కనుగొన్నారు. అదే కాలంలో జర్మనీలో లోమన్ కూడా ఏ.టి.పి.ని గుర్తించాడు. మీరు చెయ్యి ఎత్తినా, అడుగు వేసినా కండరంలో ఖర్చయ్యేది ఏ.టి.పి.లోని శక్తే. ఇంత పని చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన పదవి దొరకలేదు. 1940లో లెడర్లీ అనే మందుల సంస్థలో చేరాడు.

పోషించే మందు, అడ్డుకునే మందు

కణం రెండుగా చీలే ముందు తనలోని డి.ఎన్.ఏ.ను రెట్టింపు చేసుకోవాలి. అందుకు ఫోలిక్ ఆమ్లం అవసరం. ఇది చాలకపోతే రక్తకణాలు సరిగా తయారుకావు, రక్తహీనత వస్తుంది. సుబ్బారావు బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది స్ప్రూ రోగులకు కూడా మేలు చేసింది. సోదరులను బలిగొన్న వ్యాధికి ఆ విధంగా మందు దొరికింది.

ఇప్పుడు ఒక విషయం ఆలోచించండి. క్యాన్సర్ కణాలు అదుపు లేకుండా చీలుతూ ఉంటాయి. వాటికి ఫోలిక్ ఆమ్లం అందకుండా చేస్తే? తాళంలో సరిపడని చెవి ఇరుక్కుంటే అసలు చెవి దూరదు కదా! అదేవిధంగా ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అనే మందులను ఆయన బృందం తయారుచేసింది. బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్‌ను రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చాడు. చాలామంది తాత్కాలికంగా కోలుకున్నారు. 1948 జూన్‌లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. మందులతో క్యాన్సర్‌ను ఎదుర్కోవచ్చని వైద్య లోకానికి ఆశ కలిగింది.

ఈ మందులు మంచి కణాలను కూడా కొంత దెబ్బతీస్తాయి. అందువల్ల వైద్యుని పర్యవేక్షణ లేకుండా వాడరాదు. గర్భిణులకు ఫోలిక్ ఆమ్లం మేలు చేస్తుంది, మెథోట్రెక్సేట్ హాని చేస్తుంది.

బోదకాలుకు వాడే హెట్రజాన్ మందు కూడా ఆయన బృందం కృషి ఫలితమే.

చివరి రోజులు

1948 ఆగస్టు 8న, 53 ఏళ్ల వయసులో, సుబ్బారావు న్యూయార్క్‌లో మరణించాడు. ఆయన మళ్లీ స్వదేశం రాలేదు. శేషగిరి ఆయనను మళ్లీ చూడలేదు. 1956లో మెథోట్రెక్సేట్‌తో ఒక రకం గర్భాశయ క్యాన్సర్ పూర్తిగా నయమైంది. అది చూడటానికి ఆయన లేడు. 1995లో భారత ప్రభుత్వం ఆయన పేరిట తపాలా బిళ్ల విడుదల చేసింది. నేటికీ రక్త క్యాన్సర్‌కు, కీళ్లవాతానికి వైద్యులు మెథోట్రెక్సేట్ ఇస్తున్నారు.

మీరేం నేర్చుకున్నారు?

కణానికి ఏది అవసరమో తెలిస్తే, దానిని అందించి రోగిని బలపరచవచ్చు. అడ్డుకుని రోగాన్ని అణచవచ్చు. సుబ్బారావు కృషిలోని సారం ఇదే. పరీక్ష తప్పడం చదువుకు ముగింపు కాదని ఆయన జీవితం తెలుపుతుంది.

పాఠాంత ప్రశ్నలు

1. సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. పట్టా ఎందుకు రాలేదు?
2. కణం చీలడానికి ఫోలిక్ ఆమ్లం ఎందుకు అవసరం?
3. మెథోట్రెక్సేట్ పనిచేసే తీరును తాళం ఉదాహరణతో సొంత మాటల్లో రాయండి.
4. మీ ప్రాంతంలోని ఆరోగ్య కార్యకర్తను అడిగి, ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఎవరికి ఇస్తారో తెలుసుకుని అయిదు వాక్యాలు రాయండి.