పనిలేనివారి సభ్యుడు

గని కార్మిక నాయకుడు కీర్ హార్డీ 1856లో స్కాట్లండులో నిరుపేద ఇంట జన్మించారు. చిన్నతనంలో రొట్టెల దుకాణంలో పని. జబ్బుపడ్డ తమ్ముణ్ణి చూసుకుంటూ ఆలస్యమైనందుకు తీసేశారు. ఆ వారం కూలీ కూడా ఇవ్వలేదు. యజమాని పేరున్న భక్తిపరుడే! పదేళ్లకు గనిలో దిగి, లోపలికి గాలి ఆడేలా తలుపు తీసి మూసే పనికి కుదిరారు. యౌవనంలో ప్రభువును నమ్ముకుని ప్రసంగాలు చేశారు. కార్మికులను కూడగట్టినందుకు గనుల్లో మళ్లీ పని దొరకలేదు. 1892లో పార్లమెంటులో అడుగుపెట్టి, పనిలేనివారి పక్షాన నిలిచారు. 1915లో మరణించారు.

బ్రిటన్‌లో చివరి బొగ్గు విద్యుత్ కేంద్రం 2024లో మూతపడింది. గాలి శుభ్రపడితే మాకూ సంతోషమే. సింగరేణి ప్రాంతపు మన సంఘాల్లో గని జీతంతోనే బతికే కుటుంబాలున్నాయి. గని మూసే తేదీతోపాటు వాళ్లకిచ్చే పని వివరాలూ ముందే ప్రకటించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం.