మాతృభాషకు మకుటం పెట్టిన మహాకవి చాసర్

నేడు విశ్వభాషగా వెలుగొందుతున్న ఆంగ్లానికి ఒకప్పుడు సొంత గడ్డపైనే తగిన మన్నన ఉండేది కాదు. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన నాటి నుండి రాజాస్థానంలో ఫ్రెంచి, ధర్మపీఠాలలోను విద్యాలయాలలోను లాటిన్ రాజ్యమేలాయి. ఇంగ్లీషు సామాన్య జనుల భాషగా మిగిలింది. పద్నాలుగవ శతాబ్దంలో ఆ భాషకు కావ్యగౌరవం సమకూర్చిన కవులలో అగ్రగణ్యుడు జెఫ్రీ చాసర్.

1340 ప్రాంతంలో లండన్ నగరంలో ఒక ద్రాక్షసారా వర్తకుని ఇంట ఆయన జన్మించాడు. బాల్యంలోనే, 1348-49 సంవత్సరాలలో, మహమ్మారి ప్లేగు దేశాన్ని కబళించింది. 1357 నాటికి ఆయన ఒక రాజవంశ స్త్రీ కొలువులో పరిచారకుడు. 1359లో ఫ్రాన్సు యుద్ధానికి వెళ్లి శత్రువులకు బందీగా చిక్కాడు. మరుసటి ఏడు ఆయన విడుదలకై మూడవ ఎడ్వర్డ్ రాజు 16 పౌనులు ఇచ్చాడు.

1372-73లో రాచకార్యంపై జెనోవా, ఫ్లారెన్సు నగరాలకు వెళ్లడం ఆయన సాహిత్య జీవితానికి మలుపు. అంతకు అర్ధశతాబ్ది ముందే కీర్తిశేషుడైన డాంటే తన మహాకావ్యాన్ని లాటిన్‌లో గాక ప్రజలు మాట్లాడే టస్కన్ భాషలో రచించి ఉన్నాడు. పెట్రార్క్, బొకాషియో రచనలు కూడా ఇటలీలో వెలుగుతున్న కాలమది.

1374లో చాసర్ లండన్ రేవులో ఉన్ని సుంకాల తనిఖీ అధికారిగా నియమితుడయ్యాడు. లెక్కలను స్వహస్తాలతో వ్రాయాలన్నది ఆ ఉద్యోగ నియమం. నగర ప్రాకారంలోని ఆల్డ్‌గేట్ ద్వారంపై గల గృహంలో ఆయన నివాసం. పగలు లెక్కలు తేల్చి, ఇల్లు చేరగానే మళ్లీ గ్రంథం ముందు మౌనంగా కూర్చునే తన అలవాటును ఆయనే ఒక కావ్యంలో పరిహసించుకున్నాడు. పన్నెండేళ్లు సాగిన ఆ కొలువులో అన్ని వృత్తుల వారి మాటతీరు ఆయన చెవినపడింది.

ఆ లోకానుభవ ఫలమే 1387 ప్రాంతంలో ఆరంభించిన కాంటర్‌బరీ కథలు. సదర్క్‌లోని టబార్డ్ సత్రంలో కలుసుకున్న ముప్పదిమంది యాత్రికులు, థామస్ బెకెట్ సమాధి దర్శనానికి వెళుతూ దారిలో కథలు చెప్పుకోవడం ఇందలి ఇతివృత్తం. వీరయోధుడు, మఠాధ్యక్షురాలు, వర్తకుడు, పిండిమర వాడు, వంటవాడు, అయిదుగురిని పెండ్లాడిన బాత్ పట్టణపు ఇల్లాలు ఒకే బాటన నడుస్తారు. ఎవరి నోట వారి పలుకే పలుకుతుంది. తలపెట్టిన నూరు పైచిలుకు కథలలో 24 మాత్రమే వెలువడ్డాయి. వాటిలోనూ కొన్ని అసంపూర్ణాలు.

విద్యార్థిలోకం ప్రత్యేకంగా స్మరించదగిన రచన మరొకటి ఉన్నది. 1391లో ఆయన పదేళ్ల కుమారుడు లూయిస్ కోసం, నక్షత్రాల స్థానాలను కొలిచే ఆస్ట్రోలేబ్ అనే యంత్రం గురించి ఇంగ్లీషులో ఒక గ్రంథం వ్రాశాడు. బాలునికి లాటిన్ అంతగా రాదు. గ్రీకులు గ్రీకులోను, అరబ్బులు అరబ్బీలోను శాస్త్రం నేర్చినట్లే ఆంగ్లేయుని బిడ్డ తన భాషలో నేర్వవచ్చునని ఆ తండ్రి వాదించాడు. మాతృభాషలో శాస్త్రబోధ సాధ్యమని ఆచరణలో చూపిన తొలి ఆంగ్ల రచనలలో అది ఒకటి.

1400లో చాసర్ కన్నుమూశాడు. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఆయనకు చోటు దక్కింది కవిగా కాదు, ఆ ప్రాంగణ నివాసిగా. 1556లో అక్కడ ఆయనకు నూతన సమాధి నిర్మించారు. 1599లో స్పెన్సర్‌ను ఆయన చెంతనే ఖననం చేయడంతో ఆ స్థలం క్రమంగా కవుల మూలగా ప్రసిద్ధికెక్కింది. 1476-77 ప్రాంతంలో కాక్స్‌టన్ కాంటర్‌బరీ కథలను అచ్చువేశాడు. షేక్స్పియర్ ఆయన కావ్యాల నుండి ఇతివృత్తాలు గ్రహించాడు. డ్రైడన్ 1700లో ఆయనను ఆంగ్ల కవితకు పితగా కీర్తించాడు.

చాసర్ పరభాషలను ద్వేషించలేదు. ఫ్రెంచి, లాటిన్, ఇటాలియన్ భాషల సంపదను శ్రద్ధతో అభ్యసించి, ఆ సారాన్ని తన పలుకులోనికి మళ్లించాడు. పలు భాషలు నేర్చినవాడే తల్లిభాషను ఘనంగా సేవించగలడని ఆయన జీవితం చాటుతున్నది. నిరాదరణకు గురైన భాష సైతం తనను నమ్మిన బిడ్డల కృషితో తలయెత్తి నిలువగలదు.