చిలుకలగుట్ట మీది సమ్మక్క తల్లి

మేడారం జాతరకు మనలో పోనివారు లేరు. బంగారమని బెల్లం ఇచ్చి వస్తాం. కాని ఆ తల్లి బతుకు కత చాలామందికి సగమే తెలుసు. డోలి కోయలు పడిగె పట్టి చెప్పే కతల నుంచి, మా తాత నోటి నుంచి నేను విన్నది రాస్తున్నాను.

అడవికి వేటకు పోయిన కోయ దొరలకు పులుల నడుమ ఆడుకుంటూ ఒక పసిబిడ్డ కనిపించిందట. తెచ్చి పెంచినారు. ఆమే సమ్మక్క. (పొలవాస మేడరాజు పెంచిండని కొందరంటరు.) పెరిగినాక మేడారం ఏలే పగిడిద్దరాజుకిచ్చి పెండ్లి చేసినారు. సారక్క, నాగులమ్మ, జంపన్న వారి పిల్లలు.

మేడారం ఓరుగల్లు కాకతీయులకు కప్పం కట్టేది. వరుసగా కరువొచ్చింది. తిననీకే గింజలు లేవు, కప్పం ఎక్కడి నుంచి తెస్తరు? పగిడిద్దరాజు కట్టలేదు. ప్రతాపరుద్రుడు సైన్యాన్ని పంపిండు. సంపెంగ వాగు దగ్గర యుద్ధం జరిగింది. పగిడిద్దరాజు, సారక్క, నాగులమ్మ, అల్లుడు గోవిందరాజు ఒకరెనక ఒకరు పడిపోయినారు. జంపన్న వాగులో దూకి ప్రాణం విడిచిండు. అప్పటి నుంచి అది జంపన్న వాగు.

అప్పుడు సమ్మక్క ఒక్కతే నిలిచి కొట్లాడింది. ముందు నుంచి గెలువలేక ఒకడు వెనక నుంచి బల్లెంతో పొడిచిండు. నెత్తురు కారుతుండగానే ఆమె చిలుకలగుట్ట దిక్కు నడిచి కనబడకుండా పోయింది. కోయలు దివిటీలతో వెతికితే, నాగవృక్షం కింద పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరికింది. మనిషి దొరకలేదు.

ప్రతాపరుద్రునికి శాసనాలున్నాయి, సమ్మక్కకు లేవు. కాబట్టి ఇది చరిత్ర కాదని కొందరంటారు. ఆ శాసనాలు చెక్కించినవారు ఎవరో కూడా చూడాలి కదా! 1323లో ఢిల్లీ సైన్యం ఓరుగల్లును గెలిచింది. ఇప్పుడు వరంగల్ కోటలో నాలుగు తోరణాలు నిలిచి ఉన్నాయి, చుట్టూ పడిపోయిన రాళ్లు. టికెట్ కొని చూస్తాం, ఫోటో దిగుతాం. ఎవరూ మొక్కరు.

చిలుకలగుట్ట మీద గుడి లేదు, విగ్రహం లేదు. ఊరికే ఎక్కి చూసే జాగ కాదది, పెద్దల కట్టడి ఉన్నది. రెండేండ్లకొకసారి మాఘమాసంలో వడ్డెలు పైకి పోతారు. అక్కడ చేసే పూజ బయటికి చెప్పరు. కింద లక్షల మంది ఎదురు చూస్తుంటారు. భరిణె పట్టుకొని వడ్డె దిగంగనే పోలీసులు గాలిలోకి తుపాకి కాలుస్తారు, డోళ్లు మోగుతాయి, ఎదురుకోళ్లు ఎగురుతాయి. ఆ రాత్రి గద్దె మీద ఉన్న బిడ్డ సారక్క దగ్గరికి తల్లి చేరుతుంది. జాతర ఆఖరు రోజు సాయంత్రం మళ్లీ గుట్టకే పోతుంది.