జిగోరో కానో: దెబ్బలు తిన్న బక్క కుర్రాడే.. ప్రపంచానికి జూడో మాస్టారయ్యారు!

దసరా వచ్చిందంటే అమలాపురంలో కాలు పెట్టే చోటుండదు. కొంకాపల్లి, మహిపాల వీధి, గండు వీధి.. ఒక్కో వీధి నుంచి ఒక్కో వాహనం ఊరేగింపుగా బయల్దేరుతుంది. వాటి ముందు చెడీ తాలింఖానా. కర్రసాము, కత్తిసాము, కళ్లకు గంతలు కట్టుకుని మనిషి ఒంటి మీద పెట్టిన కూరగాయల్ని, కొబ్బరికాయల్ని నరకడం. చూసేవాళ్లకి ఊపిరి ఆగిపోతుంది. 19వ శతాబ్దంలో అబ్బిరెడ్డి రామదాసు దీన్ని మొదలుపెట్టారని ఊళ్లో పెద్దలు చెబుతారు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి వస్తున్న విద్య ఇది.

ఇప్పుడు అదే కోనసీమలో సాయంత్రం పూట తెల్ల డ్రెస్సు వేసుకుని, నడుముకు బెల్ట్ కట్టుకుని కరాటే క్లాసుకు వెళ్లే పిల్లల్ని చూడండి. ఆ డ్రెస్సు, ఆ బ్లాక్ బెల్ట్ పద్ధతి కరాటేలో పుట్టినవి కావు. జూడో నుంచి వచ్చాయి. వాటి వెనకున్న మనిషి పేరు జిగోరో కానో. ఆయన కరాటే మాస్టారే కాదు! మరి ఎవరు? ఆయన కథ తెలిస్తే జపాన్ యుద్ధవిద్యల కథ సగం తెలిసినట్టే.

కానో 1860లో కోబె నగరానికి దగ్గర్లోని మికాగె అనే ఊళ్లో పుట్టారు. బియ్యంతో చేసే సాకె అనే సారాయికి పేరున్న ఊరు అది. వీళ్లదీ ఆ వ్యాపారం చేసే కుటుంబమే. డబ్బుకు లోటు లేదు. తల్లి మాత్రం చిన్నప్పుడే పోయారు. తండ్రి కొడుకుని టోక్యో తీసుకెళ్లి హాస్టల్ బడిలో వేశారు. అక్కడ మొదలయ్యాయి కష్టాలు. కుర్రాడు చదువులో ఫస్ట్, ఒంట్లో మాత్రం బలం లేదు. పెద్దయ్యాక కూడా ఆయన ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలే. తోటి పిల్లలు పట్టుకుని కొట్టేవారు.

బక్కవాడు కూడా బలవంతుణ్ణి పడగొట్టే విద్య ఒకటుందని ఎవరో చెప్పారు. దాని పేరు జుజుత్సు. నేర్చుకుంటానంటే తండ్రి వద్దన్నారు. నేర్పేవాళ్లూ దొరకలేదు. ఎందుకంటే అప్పటికే జపాన్ మారిపోయింది. 1868లో చక్రవర్తి పాలన మళ్లీ వచ్చింది, సమురాయ్‌ల కాలం ముగిసింది. 1876లో నడుముకు కత్తి కట్టుకుని తిరగడాన్ని కూడా నిషేధించారు. రైళ్లు, కోట్లు, ఇంగ్లిష్ చదువుల మోజులో పాత విద్యలంటే జనానికి చిన్నచూపు. ఒకప్పుడు ప్రభువుల దగ్గర కొలువు చేసిన గురువుల్లో చాలామంది ఎముకలు సరిచేస్తూ పొట్టపోసుకుంటున్నారు. మన పుత్తూరు కట్టు గుర్తొచ్చిందా? దాదాపు అలాంటి పనే.

కానో కూడా అలాగే వెతికారు. ఎముకల వైద్యుడి బోర్డు కనిపిస్తే లోపలికెళ్లి, జుజుత్సు తెలుసా అని అడగడం. చివరికి 1877లో ఫుకుదా హచినొసుకె అనే గురువు దొరికారు. రోజూ దెబ్బలే. ఒళ్లంతా మందు పట్టీలు వేసుకుని కాలేజీకి వెళ్లేవారు. క్లాసులో ఫుకుషిమా అనే భారీ మనిషి ఎంతకీ పడేవాడు కాదు. కానో ఊరుకోలేదు. సుమో పట్లు చూశారు, లైబ్రరీలో విదేశీ కుస్తీ పుస్తకాలు తిరగేశారు. ఓ పట్టు దొరికింది. వంగి, అవతలివాణ్ణి భుజాల మీదకు ఎత్తుకుని అవతల పడేయడం. ఫుకుషిమా పడ్డాడు. దాన్నే ఇప్పుడు జూడోలో కతా గురుమా అంటారు. నిజానికి ఆ ఒక్క సంఘటనలోనే కానో మొత్తం కనిపిస్తారు. పాతదాన్ని గౌరవిస్తారు, కానీ పనికొచ్చేది ఎక్కడున్నా తెచ్చుకుంటారు.

1879లో ఫుకుదా చనిపోయారు. తర్వాత ఇసో మసతొమొ దగ్గర చేరితే రెండేళ్లలో ఆయనా పోయారు. గురువు పోతే విద్యా పోతుందన్న భయం కానోకు అనుభవంలోంచే వచ్చింది. ఆ తర్వాత కితో శాఖకు చెందిన ఇయికుబో దగ్గర విసురులు నేర్చుకున్నారు.

1882లో, 21 ఏళ్ల వయసులో సొంత శిక్షణాలయం తెరిచారు. పేరు కొదోకాన్. టోక్యోలోని ఎయిషోజి అనే బౌద్ధ ఆలయంలో 12 చాపలు పట్టే గది. మొదటి ఏడాది శిష్యులు తొమ్మిది మందే! వీళ్లు పడుతూ లేస్తుంటే గుడి నేల అదిరిపోయేదట, పూజారి గోల పెట్టేవారట. తాను నేర్పేదాన్ని జుజుత్సు అనకుండా జూడో అన్నారు. జుజుత్సు అంటే మెత్తని విద్య, జూడో అంటే మెత్తని మార్గం.

తేడా పేరులోనే కాదు. ముందు పడటం నేర్పారు, దెబ్బ తగలకుండా ఎలా పడాలో. ప్రాణం తీసే దెబ్బల్ని మామూలు సాధనలోంచి తీసి పక్కన పెట్టారు. దాంతో పిల్లలు కూడా పూర్తి బలంతో కలబడే వీలు వచ్చింది. ఇక అసలు సూత్రం: అవతలివాడి తూకం తప్పించాకే పడేయాలి. కొబ్బరి గెల మోసేవాడు ఒక కాలి మీదకు ఒరిగినప్పుడు చిన్నపిల్లాడు తగిలినా తూలిపోతాడు కదా! అదే లెక్క.

బెల్టుల సంగతికొద్దాం. పాత పద్ధతిలో గురువు ఏళ్ల తరబడి కనిపెట్టుకుని, ఎప్పుడో ఒక పత్రం ఇచ్చేవారు. అంతదాకా శిష్యుడికి తానెక్కడున్నాడో తెలియదు. కానో దాన్ని బడి తరగతుల్లా మెట్లుగా విడగొట్టారు. 1883లో మొదటి దాన్ హోదా ఇద్దరికి ఇచ్చారు, తొమితా, సాయిగో అనే శిష్యులకి. కొన్నేళ్లకు దానికి గుర్తుగా నల్ల బెల్ట్ వచ్చింది. రంగురంగుల బెల్టులు మాత్రం ఆయనవి కావు, అవి తర్వాత యూరప్‌లో పుట్టాయి. మన తాలింఖానాకు ఇవేవీ లేవు. వీధి పెద్దలే గురువులు, దసరాయే పరీక్ష. అందులో ఓ అందం ఉంది. కానీ ఇంట్లో నేర్చుకునేవాడు లేకపోతే అక్కడితో ఆగిపోయే ప్రమాదమూ ఉంది. కానో కంగారంతా సరిగ్గా దాని గురించే.

ఆయన వృత్తి కుస్తీ కాదు, చదువు చెప్పడం. టీచర్లను తయారుచేసే టోక్యో హయ్యర్ నార్మల్ స్కూల్‌కు రెండు దశాబ్దాలకు పైగా ప్రిన్సిపాల్. చైనా విద్యార్థుల కోసం స్కూల్ పెడితే, అందులో తర్వాత గొప్ప రచయిత అయిన లూ షున్ కూడా చదివారు. జపాన్ బడుల్లోకి జూడోతో పాటు కత్తిసాము లాంటి కెండో కూడా వచ్చిందంటే అందులో ఆయన పాత్ర పెద్దది.

మరి కరాటే? అది ఒకినావా దీవుల విద్య. 1922లో ఫునకోషి గిచిన్ అనే స్కూల్ టీచర్ టోక్యో వస్తే, కొదోకాన్‌లో ప్రదర్శన ఇమ్మని కానో పిలిచారు. పోటీ అనుకోలేదు. ఆ ఫునకోషి జూడో నుంచి డ్రెస్సు, దాన్ పద్ధతి తీసుకుని 1924లో తన శిష్యులకు బ్లాక్ బెల్టులు ఇచ్చారు. మన ఊరి పిల్లల నడుము దాకా వచ్చిన దారి అదే. 1930లో ఐకిడో సృష్టికర్త ఉయెషిబా విద్యను చూసి, నేర్చుకు రమ్మని తన శిష్యుల్నే అక్కడికి పంపారు. ఏ గురువు చేస్తారు ఆ పని?

మన దేశానికీ జూడో తొందరగానే వచ్చింది. 1929లో కొదోకాన్ నుంచి తకగాకి షింజో శాంతినికేతన్ వచ్చి రవీంద్రనాథ్ ఠాగూర్ విద్యార్థులకు నేర్పారు. వాళ్లలో ఆడపిల్లలూ ఉన్నారు.

ఆడవాళ్ల విషయంలో కానో సగం దూరమే నడిచారనాలి. 1893 నుంచే నేర్పడం మొదలుపెట్టారు, 1926లో ప్రత్యేక విభాగం తెరిచారు. కానీ పోటీలకు ఒప్పుకోలేదు. తన మొదటి గురువు ఫుకుదా మనవరాలు కెయికోను 1935లో ఆయనే జూడోకు పిలిచారు. అదే కెయికోను ఆ సంస్థ 1953 నుంచి 1972 దాకా అయిదో దాన్ దగ్గరే ఆపేసింది. మహిళ కాబట్టి! 2011లో అమెరికా జూడో సంస్థ ఆమెకు పదో దాన్ ఇచ్చింది. అప్పటికి ఆవిడకు 98 ఏళ్లు.

1909లో కానో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలో ఆసియా నుంచి మొదటి సభ్యుడయ్యారు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌కు ఇద్దరంటే ఇద్దరు అథ్లెట్లతో జపాన్ జట్టును తీసుకెళ్లారు. విచిత్రం ఏంటంటే, జూడోను ఒలింపిక్స్‌లో పెట్టించాలని మాత్రం పెద్దగా ఆరాటపడలేదు. టోక్యోకి ఒలింపిక్స్ తేవాలన్నదే కల. 1936లో అది ఫలించింది, 1940 క్రీడలు టోక్యోకి దక్కాయి. ఈలోగా చైనాతో యుద్ధం మొదలైంది. 1938లో 77 ఏళ్ల వయసులో కైరో వెళ్లి, క్రీడలు తమ దగ్గరే ఉండేలా వాదించి గెలిచారు. ఇంటికి తిరిగొస్తూ మే 4న హికావా మారు ఓడలోనే నిమోనియాతో కన్నుమూశారు. యొకొహమా రేవు ఇంకా రెండు రోజుల దూరం. రెండు నెలలు గడిచాయో లేదో, జూలైలో జపాన్ ప్రభుత్వం ఆ ఒలింపిక్స్‌ను వదులుకుంది.

చివరికి 1964లో టోక్యోలో క్రీడలు జరిగాయి, జూడోకూ చోటు దక్కింది. ఓపెన్ విభాగం ఫైనల్లో జపాన్ వీరుడు కమినాగాను ఓడించింది ఎవరనుకున్నారు? నెదర్లాండ్స్‌కు చెందిన ఆరున్నర అడుగుల ఆంటన్ గీసింక్. స్టేడియం మొత్తం మూగబోయింది. ఆనందం పట్టలేక డచ్ అభిమానులు మ్యాట్ మీదకు దూసుకొస్తుంటే గీసింక్ చెయ్యెత్తి ఆపేశారు. ఆ తర్వాత ఓడిన కమినాగాకు వంగి నమస్కరించారు.